కూర్చోని బావ

మస్కట్ నుంచి దిగినప్పటి నుంచి ప్రేమ్‌కుమార్ ఎక్కడా కూర్చోలేదు. ఆ సంగతి పసిగట్టింది అతని చెల్లెలి మొగుడు దేవేందర్. సిరిసిల్ల నుంచి తువ్వాళ్లు, లుంగీలు తెచ్చి కోరుట్లలో అమ్ముకునే మనిషి. బట్టలో ఒక్క పోగు తప్పినా పట్టేస్తాడు, ఇంట్లో నిలబడ్డ మనిషిని వదులుతాడా?

మల్లాపూర్‌లో తన ఇంటికి పోకముందే చెల్లెలు కవితను చూడాలని కోరుట్లలో ఆగాడు ప్రేమ్‌కుమార్. కుర్చీ వేస్తే, “విమానంల కూసుండి కూసుండి నడుం పట్టింది,” అన్నాడు. గోడకు ఒరిగి నిలబడే చాయ్ తాగాడు. మటన్ వండితే ముట్టలేదు. ఇంత మజ్జిగన్నం తిని, అరటిపండు ఒలుచుకున్నాడు. బాత్రూంలోకి పోతే ఎంతకీ రాడు, వచ్చాక ముఖమంతా చెమట. తెచ్చింది ఒక చిన్న బ్యాగు. చెల్లెలికి ఒక సబ్బు కూడా లేదు. గల్ఫ్ నుంచి ఉత్త చేతులతో వచ్చిన మనిషిని కోరుట్లలో ఎవరూ నమ్మరు. దేవేందర్ అసలే నమ్మడు.

కవిత రోజూ మొగుడి ఫోన్‌కు ఏవో వీడియోలు పంపుతూనే ఉంటుంది. పచ్చళ్లు, ముగ్గులు, గుత్తివంకాయ. వాటి నడుమ ఇంకొకటి కనబడింది. విమానాశ్రయంలో పట్టుబడ్డవాడు బంగారాన్ని ఎక్కడ దాచుకుని వచ్చాడో అందులో విడమరిచి చెప్పారు. చెప్పుకోరాని చోటే. దేవేందర్ దాన్ని మళ్లీ చూశాడు. తలెత్తి, గోడకు ఒరిగిన బావను చూశాడు. అంతా అర్థమైపోయింది.

ఆ సాయంత్రం డాబా మీదికి తీసుకుపోయి గొంతు తగ్గించాడు. “బావ, నాకంత ఎర్కే. లోపల ఏం మోస్తున్నవో, ఎందుకు కూసుంటలేవో.”

ప్రేమ్‌కుమార్ ముఖం పాలిపోయింది. “ఎవ్వలకు చెప్పకు బావ. ఇజ్జత్ పోతది.”

“నేనెందుకు చెప్త? సగం నాదంటే నోరు కుట్టుకుంట. కాదంటే ఎస్సైకి ఒక్క ఫోన్ చాలు.”

ప్రేమ్‌కుమార్ అతనికేసి చాలాసేపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

“దానంతట అది పోయేటట్టు లేదు. జగిత్యాలల లేజర్ డాక్టర్ ఉన్నడట. కోసుడు, కుట్లేసుడు ఉండదు. పొద్దుగాల పోతే మాపటికి ఇంటికి రావచ్చు. గని నా దగ్గర పైసల్లేవు.”

“సర్కారు దవాఖానకు పోతే?”

“అక్కడ పదిమంది చూస్తరు.”

అదీ నిజమే అనిపించింది దేవేందర్‌కు.

“పైసలు నువ్వు కట్టు బావ,” అన్నాడు ప్రేమ్‌కుమార్. “అండ్లకెల్లి ఏం బయటికెల్తే గది సగం గాదు, మొత్తం నీకే.”

నెల కిందట కవిత, “మా అన్నకు జర పైసలు సర్దరాదు,” అంటే, “గల్ఫ్‌ల ఉన్నోనికి నేను సర్దుడేంది, ఉల్టా ఆయనే నాకియ్యాలె,” అని నవ్విన మనిషి దేవేందర్. అదే మనిషి తెల్లారగానే వేలి ఉంగరం కుదువపెట్టాడు. పెళ్లిలో ప్రేమ్‌కుమార్ పెట్టిన ఉంగరమే. సరుకు కోసం సిరిసిల్లకు పోతున్నామని, బావను తోడు తీసుకుపోతున్నానని ఇంట్లో చెప్పాడు. కవిత, “మంచిది,” అని ఊరుకుంది.

జగిత్యాల బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ప్రేమ్‌కుమార్ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. సొత్తు భద్రంగా ఉండాలి కాబట్టి దేవేందర్ కూడా పక్కనే నిలబడ్డాడు. అతని సంచిలో మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఉంది.

మధ్యాహ్నానికి డాక్టర్ బయటికొచ్చాడు. “అంతా మంచిగైంది. బాగ ముదిరిన మొలలు. ఎట్ల ఓర్చుకున్నడో ఏమో.”

దేవేందర్‌కు మొలలన్న మాట చెవికెక్కలేదు. డబ్బా ముందుకు చాపాడు. “ఏమెల్లింది సార్?”

“ఏమెల్లదయ్యా. లేజర్ వేడికి లోపల్నే ముడుచుకపోతయ్. గా డబ్బేంది, పేషెంట్‌కు టిఫినా?”

అప్పుడెక్కింది. దేవేందర్ బెంచీ మీద కూలబడ్డాడు.

మత్తు దిగాక ప్రేమ్‌కుమార్ మెల్లగా అన్నాడు. “ఎడారిల ట్రక్కు నడిపిన బావ. కాలే సీటు మీద పొద్దంత కూసునుడు. రక్తం పోయి పోయి కండ్లు తిరిగేటియి. ఆఖరికి కంపెనీ మూతబడ్డది, జీతం ఇయ్యలె.”

“మరి మొలలని ముందుగాల చెప్పరాదా?”

“చెప్పనిచ్చినవా? నాకంత ఎర్కే అంటివి.”

దేవేందర్‌కు ఒళ్లు మండింది. కానీ ఎవరితో చెప్పుకుంటాడు? ఎస్సైతో చెబితే ముందు తననే లోపలేస్తాడు. ఇంతలో ప్రేమ్‌కుమార్ పక్కకు తిరిగి కళ్లు మూసుకున్నాడు. ఎన్నాళ్లకో నొప్పి లేకుండా నిద్రపోతున్న మనిషి ముఖమది. దాన్ని చూశాక దేవేందర్‌కు కోపం నిలవలేదు, సిగ్గేసింది. పోనీ, ఈ సంగతి కవితకు తెలియదు. అదొక్కటే నయం. ఉంగరం సిరిసిల్లలో పోయిందని చెబితే సరిపోతుంది.

పొద్దుగూకేసరికి ఇద్దరూ కోరుట్ల చేరారు. వాకిట్లో వెడల్పాటి టబ్బు నిండా నీళ్లు పొగలు కక్కుతున్నాయి. పక్కనే కూర్చునేందుకు, నడుమ గుండ్రంగా ఖాళీ వదిలి కుట్టిన కొత్త మెత్త ఉంది. దుకాణంలోని సిరిసిల్ల తువ్వాళ్లతో కుట్టిందే.

దేవేందర్ గొంతు సవరించుకున్నాడు. “కవితా, సిరిసిల్లల నా ఉంగరం...”

ఆమె అన్న చేయి పట్టుకుని మెట్లెక్కించింది. మొగుడి బోసి వేలి వైపు ఒక్కసారి చూసి, తాపీగా అంది.

“గా బంగారం వీడియో ఇగ ఫోన్లకెల్లి తీసెయ్యి. నువ్వు నమ్మేటిది దొరుకుడుకు నాకు వారం పట్టింది.”