నలభై ఒకటో టోకెన్

తెనాలిలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి సర్వర్ గదిలో షాహీనా ఒక్కతే కూర్చుంది. పగలంతా రద్దీ కాబట్టి, రాత్రి రెండింటికి బ్యాకప్ టూల్ డేటాబేసును పన్నెండు సెకన్లు ఆపి నకలు తీస్తుంది. ఆ కాసేపు ఎక్కడా ఏదీ నమోదు కాదు.

కానీ ఇవాళ్టి నకలు తెరిస్తే, సరిగ్గా ఆ పన్నెండు సెకన్లలోనే రేపల్లె బ్రాంచి కౌంటర్లో ఇచ్చిన టోకెన్ కనిపించింది. నంబరు నలభై ఒకటి. తెనాలి సర్వర్లో వెతికితే లేదు. బాపట్లలో ఉన్న దాని జంట సర్వర్లోనూ లేదు.

తప్పు టూల్‌దే అనుకుంది. అయినా ఉండబట్టలేక రేపల్లె వాచ్‌మన్ రాఘవులుకి ఫోన్ చేసింది.

“బాబాయ్, కౌంటర్ దగ్గర ఎవరన్నా ఉన్నారా?”

“ఎవరూ లేరమ్మా. తాళం వేసే ఉంది.”

రాఘవులు తాళం మరోసారి లాగి చూసిన చప్పుడు వినిపించింది.

“మరి, ఇందాక మైకులో నలభై ఒకటో నంబరుని పిలిచిన గొంతు నీదే కదమ్మా?”