పళ్ల డాక్టరు అద్దం

పళ్లు పీకి గడించిన డబ్బుతో యుద్ధకాలం నాటి శిక్షణ విమానం కొన్నాడు డాక్టర్ హాస్కెల్. రెక్కలు విప్పించి, లారీ మీద అరిజోనా నుంచి మా కాన్సస్ షెడ్డుకు చేర్పించాడు. వారం రోజులు అవస్థపడి ఆ రెక్కలు మళ్లీ బిగించినవాణ్ణి నేను, మెకానిక్ వెర్నన్‌ని.

ఇవాళ ఈ మహానుభావుడు పళ్లు చూసే చిట్టి అద్దం పట్టుకుని రెక్కల కింద దూరాడు. ఒక్కో బోల్టుకూ అద్దం పెట్టి చూస్తూ తల ఊపుతున్నాడు.

"పుచ్చిందేమైనా దొరికిందా డాక్టరుగారూ?" అన్నాను.

"అన్నీ బాగానే ఉన్నట్టున్నాయి వెర్నన్."

నవ్వొచ్చింది. అద్దంలో బోల్టు తల కనిపిస్తుంది గానీ, బిగువు కనిపిస్తుందా? చేతిలో డబ్బుంటే చాలు, ప్రతివాడూ విమానాల పండితుడే.

డాక్టరు చేతులు తుడుచుకుని తోలు టోపీ పెట్టుకున్నాడు. "వెనక సీటెక్కు. రెక్కలు బిగించినవాడు మొదటిసారి తోడుగా ఎగరడం మీ షెడ్డు ఆనవాయితీటగా?"

చెయ్యి దూరని మూల, రెంచి పెట్టకుండా వేళ్లతో తిప్పి వదిలేసిన తొమ్మిది బోల్టులు అప్పుడు గుర్తొచ్చాయి.

"మీరు వెళ్లిరండి. పొద్దుట్నుంచీ నాకు ఒకటే నడుంనొప్పి."

డాక్టరు నా మొహంలోకి కాసేపు చూసి, టోపీ తీసేశాడు.

"నొప్పి లేదని బుకాయించేవాళ్లను ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నానయ్యా. లేని నొప్పి ఉందనేవాణ్ణి ఇవాళే చూశాను. రెక్కలు విప్పు."