తాలింపు వాసన

ఏడో గుడిసె గుమ్మానికీ వేపమండలే. మశూచి టీకాలు వేసే అచ్చయ్య సంచి దించి ఎండలో నిలబడ్డాడు.

"మా ఇంట్ల అమ్మ పోసింది సారూ. బయటోళ్లు రావొద్దు," లోపలి నుంచే చెప్పింది రాములమ్మ.

పోలీస్ చర్య అయిన మరుసటి ఎండాకాలం అది. సూర్యాపేట బజారు వెనక ఆ కూలీల వాడలో వేపమండ లేనిది చివరి గుడిసెకే. అందులో ఉండే సైదమ్మ వచ్చి అచ్చయ్య పక్కన నిలబడింది. ఆమె ముఖం నిండా పాత మచ్చలు.

"అందరిండ్లల్ల ఒక్కనాడే పోసిందా? రాములూ, పొయ్యి మీద ఏందే?"

"గంజి."

"గంజికి ఎల్లిగడ్డ తాలింపు ఎప్పటిసంది పెడుతున్నవ్? అమ్మ ఉన్న ఇంట్ల తాలింపు పెడ్తరా?"

పక్క గుడిసెలో ఎవరో నవ్వారు. రాములమ్మ తడిక జరిపి బయటికి వచ్చింది.

"సూదికి భయపడి కట్టినం, ఏం జేస్తం. గని అక్కా, వాడల నిజంగ అమ్మ ఉంటే మాత్రం మేం చెయ్యి ఇయ్యం. ఆమె ఉన్నకాడ సూది పొడిస్తే, పోసిన పిల్లనే తీస్కపోతది."

"ఎవరింట్ల ఉన్నది? వాసన సూడు. అన్ని పొయ్యిల మీద తాలింపే. నా పొయ్యి మీద గూడ."

నిజమే. చివరి గుడిసె నుంచి ఆవాల ఘాటు వస్తోంది.

"మరి నీ బిడ్డేది?" అడిగింది రాములమ్మ.

"మోతెకు పోయింది, అమ్మమ్మకాడికి."

సైదమ్మ ఇంటింటికీ ముందు నడిచింది. వేపమండలు తనే విప్పి, పారేయకుండా చంకలో పెట్టుకుంది. ఏడ్చే పిల్లలను దూరం నుంచే బుజ్జగించింది. ఒక్కరినీ ముట్టుకోలేదు. పొద్దు వాలేసరికి వాడంతా టీకాలు పడ్డాయి.

ఎవరి గుడిసెలోకి వాళ్లు వెళ్లిపోయారు. సైదమ్మ ఒక్కతే మిగిలింది.

"నువ్వు రాకుంటే ఒక్కరు గూడ చెయ్యి ఇయ్యకపోదురు అక్కా. మరి నీకు?"

"నాకు చిన్ననాడే పోసింది. మళ్ల రాదు గద."

"జర మంచినీళ్లన్న ఇయ్యి. పోత."

ఆమె వాడకు అటూ ఇటూ చూసింది. తర్వాత తడిక జరిపింది.

పొయ్యి మీద మూకుడులో ఆవాలు, ఎల్లిగడ్డ మాడిపోయి ఉన్నాయి. కూర లేదు.

"మెల్లగ మాట్లాడు సారూ," అంటూ సైదమ్మ చంకలోని వేపమండలను, ఒళ్లంతా పొక్కులతో పడుకున్న కూతురి కింద పరిచింది.