మంచులో ఇంకొకరి అడుగులు

కొత్త వీడియో గేములు బజారులోకి రాకముందే ఆడి, ఎలా ఉన్నాయో రాయడం నా మనవరాలి ఉద్యోగం. పోరాటం, కథ తను చూసుకుంటుంది. ఆటలోని లోకం చూడడం నా వంతు. కత్తి దూయకుండా ఊరికే తిరిగి, బాగుందో లేదో చెబుతాను.

ఆ రాత్రి ఒక కొత్త ఆటలో మంచు కొండల్లో తిరుగుతున్నాను. వెనకాల కరకరమంటూ ఇంకో అడుగు వినిపించింది. నేను ఆగితే అదీ ఆగింది. తిరిగి చూస్తే పసుపు శాలువా కప్పుకున్న ఒకామె. అంతలో తోడేలొకటి ఆమె మీదికొచ్చింది. ఆమె కొట్టకుండా ఉన్నచోటే గంతులేసింది.

నాకు నవ్వు ఆగలేదు. నిరుడు పోయిన మా ఆవిడ అచ్చం ఇలాగే ఆడేది. శత్రువు కనబడితే చాలు, కంగారులో గెంతే బటనే నొక్కేది.

"ఎవరితో తాతయ్యా ఆ ఇకఇకలు?" పక్క గదిలోంచి మనవరాలు కేకేసింది. "ఫైటింగు బాగుంది, కథ ఫర్వాలేదు. లోకంలోనే మనిషి జాడ లేదు, దానికి పదికి రెండే వేస్తున్నా. పొద్దున్నే ఆట వెనక్కిచ్చెయ్యాలి."

"ఇవ్వకు. నేనింకా చూడాలి."

"ఏం చూస్తావ్, మంచుగడ్డలా?" అంటూ వచ్చి, తెర చూసి నిలబడిపోయింది.

"ఇది ఒక్కరే ఆడే ఆట కదా. ఈమె ఎవరు?"

ఇంకా గంతులేస్తున్న ఆమెకేసి వేలు చూపించాను. నవ్వుతూనే ఉన్నాను. మనవరాలు వచ్చి నన్ను ఆనుకుని కూర్చుంది.

"ఇంకో వారం గడువు అడగనా?" అంది గొంతు తగ్గించి.

"అడుగు."

తెరమీద ఆమె మెల్లగా మా ఇద్దరివైపూ తిరిగింది.