చైను బండి

కారు ముందు చక్రాలు సగం దాకా బురదలో దిగాక గానీ అతను ఇంజన్ ఆపలేదు. తారు రోడ్డు మీదే దిగి నడిచి వెళ్దామని తల్లి ముందే అంది. టైర్లు కొత్తవి, ఎక్కడికైనా పోతుందంటూ అతను వినలేదు. తొక్కిన కొద్దీ ఆ కొత్త టైర్లే గొయ్యి తవ్వాయి.

భార్యను ఈ ఉద్యోగం మాన్పించడానికే తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. భార్య ఇక్కడ బుల్డోజరు నడుపుతుంది. మీ ఆవిడ ఏం చేస్తారని ఆఫీసులో ఎవరైనా అడిగితే అతనికి తల కొట్టేసినట్టుంటుంది. తన మాట ఎలాగూ వినడం లేదు. అత్తగారి మాట కాదనదని నమ్మకం.

గట్టు పోస్తున్న బుల్డోజరు పని ఆపి ఇటు తిరిగింది. భార్య దిగి, దెబ్బేమీ తగల్లేదు కదా అని అత్తగారిని అడిగింది. కారు వెనక భాగానికి ఇనప తాడు కట్టి బుల్డోజరుతో లాగింది. అంత బురదలోంచీ కారు చెప్పిన మాట విన్నట్టు వచ్చేసింది.

తల్లి కారు వంక చూడనే లేదు, బుల్డోజరునే చూస్తోంది.

"ఇంత బరువుంది కదమ్మా, ఇది దిగబడదేం?"

"దీనికి చక్రాల బదులు రెండు ఇనప చైన్లున్నాయి, బరువంతా వాటి పొడుగునా పరుచుకుంటుంది అత్తయ్యా. కారు బరువు నాలుగు చక్రాల కింద అరచెయ్యంత చోటే పడుతుంది."

"అయితే ఇదే మేలు."

"బురదలో మేలు. రోడ్డెక్కితే కారును అందుకోలేదు. పైగా తారంతా చీరేస్తుంది. దీన్ని ఇక్కడికి లారీ మీద తెచ్చారు."

స్టీరింగు ఎక్కడని తల్లి అడిగింది. స్టీరింగు ఉండదని, రెండు లివర్లేనని, కుడి చైను ఆపితే బండి కుడికీ ఎడమది ఆపితే ఎడమకీ తిరుగుతుందని కోడలు చెప్పింది.

అతను తల్లిని పక్కకు పిలిచి వచ్చిన పని గుర్తు చేశాడు.

"గుర్తుంది లేరా. పైన కూర్చుని నిదానంగా మాట్లాడుకుంటాం," అంది తల్లి. కోడలి చెయ్యి పట్టుకుని, చైను మీద కాలేసి క్యాబిన్‌లోకి ఎక్కింది.

అతను పుల్ల తీసుకుని కారు చక్రాల బురద గీకుతూ కూర్చున్నాడు. చాలాసేపు బుల్డోజరు కదల్లేదు. అమ్మ మెత్తగానే మాట్లాడుతుంది, ఒప్పించేదాకా మాత్రం వదలదు.

ఇంజన్ చప్పుడుకు తలెత్తాడు. ఖాళీ చదును మీద బండి వింతగా పోతోంది. ఉన్నట్టుండి కుడికి తూలింది, ఎడమకి తిరిగింది, ఆపైన నిలుచున్న చోటే గిర్రున చుట్టూ తిరిగింది. అద్దాల నిండా బురద చిమ్మి ఉంది, లోపలేం కనబడలేదు. భార్య ఇలా నడపడం అతనెప్పుడూ చూడలేదు. ఏడుస్తోంది కాబోలు. కళ్ల నిండా నీళ్లుంటే దారేం తెలుస్తుంది. అనుకున్నది నెరవేరినందుకు తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. వెంటనే జాలి కూడా వేసింది. ఓదార్చడానికి నాలుగు మాటలు కూర్చుకుంటూ బండికి ఎదురు నడిచాడు.

వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది.

"అటు వెళ్లకండి. అత్తయ్యకు ఇంకా ఆపడం రాలేదు," అంది భార్య.