సన్నబడ్డ గెట్టు

గెట్టు మీద నడుస్తున్న పండరి ఎడమ కాలు జారి, నాటు వేసిన మడిలో పిక్కదాకా దిగబడింది.

ఈ నెలలో మూడోసారి. చుట్టూ చూసుకుని లేచాడు. చెప్పు బురదలోనే ఉండిపోయిందని పది అడుగులు నడిచాక గానీ తెలియలేదు.

నలభై ఏళ్లుగా నడుస్తున్న గెట్టు. ఇప్పుడెందుకు పడతాడు?

అవతలి మడి రాజన్నది. ఒకప్పుడు తన దగ్గర పాలేరుగా జీతం ఉన్నవాడు. వాడే గెట్టును చెక్కుతున్నాడు, కొంచెం కొంచెం.

బాన్సువాడ డాక్టరమ్మ మాట వేరు. కళ్లు మూసుకుని నిలబడమంది. నిలబడీ నిలబడగానే తూలాడు.

"షుగర్‌తో నరాలు దెబ్బతిన్నయ్. మీ అరికాళ్లకు నేల తెలుస్తలేదు" అని, చీలమండలకు బిగించుకునే పట్టీలు రాసింది.

"ఈ వయసుల నాకు పట్టీలా?" అన్నాడు కోడలు శ్రీలతతో. "కాళ్లకేం కాలే బిడ్డా. గెట్టే సన్నవడ్డది."

పట్టీలు అట్టపెట్టెలోనే ఉండిపోయాయి.

ఓ పొద్దున పొలానికి వెళ్తే, గెట్టు మీద వంగి రాజన్న. చేతిలో పార.

పండరిని చూసి గబుక్కున పక్కకు జరిగాడు.

"ఏం చేస్తున్నవ్‌రా?"

"ఏం లేదు పటేలా."

ఆ రోజే పండరి సర్వేకు దరఖాస్తు పెట్టాడు.

సర్వేయర్ వచ్చే రోజు శ్రీలత అట్టపెట్టె విప్పింది. "అందరి ముంగట పడితే ఇజ్జత్ పోతది మామా."

ఆ మాటకు కాళ్లు చాపాడు. పంచె కిందికి లాగి పట్టీలు కనబడకుండా చూసుకున్నాడు.

గెట్టు పొడవునా సర్వేయర్ వెంట నడిచాడు. కాలు ఒక్కసారీ పక్కకు పోలేదు.

అనుమానం ఇంకా పెరిగింది. భయపడి మట్టి పోసినట్టున్నాడు దొంగ.

సర్వేయర్ రెండుసార్లు కొలిచాడు.

"మీ దిక్కు ఇంచు గూడ తగ్గలే. గెట్టే జానెడు పెరిగింది. పెరిగిందంతా రాజన్న మడిలకే."

పండరి రాజన్న వైపు తిరిగాడు.

"మట్టెందుకు పోసినవ్?"

రాజన్న తల వంచుకున్నాడు.

"మీరు పడుతుంటే సూశ్న పటేలా. సెప్తే కోపం చేస్తరని..."

సర్వేయర్ కాగితాలు మడిచి బండి వైపు వెళ్లిపోయాడు.

పండరి గెట్టు అంచుకు వచ్చాడు. చెయ్యి చాపాడు.

"జర పట్టుకో రాజన్నా. దిగుత."

రాజన్న తన చేతిని లుంగీకి రెండుసార్లు తుడుచుకున్నాడు.