మబ్బుల బీచ్

కారు కింద మలుపులో ఆపించి, అందులోవాళ్లని కాసేపు ఆగమని చెప్పి, సన్యాసిరావు ఒక్కడే కొండెక్కాడు.

ఆ కొండ మీద తెల్లవారితే సముద్రం కనిపిస్తుంది. లోయ నిండా మబ్బు పరుచుకుంటుంది. అవతలి కొండకొమ్ములు దీవుల్లా తేలతాయి. ఎండెక్కితే సముద్రమూ లేదు, దీవులూ లేవు. ఆ కాసేపటి కోసమే పట్నం జనం గుడారాల్లో పడుకుంటారు. పోతూ పోతూ కాఫీ గింజలు, మిరియాలు, కొండతేనె కొనుక్కుంటారు.

ఉత్తినే వచ్చే మబ్బుని సరుకు చేసింది సన్యాసిరావే. గుడారాలు అతనివి. ‘మబ్బుల బీచ్’ అన్న పేరూ అతనిదే. స్థలం మాత్రం ఆ కొండ గిరిజన పిల్ల రత్న పేరున కొన్నాడు. మైదానం వాడికి ఏజెన్సీలో భూమి దక్కదు. తాళి కట్టిన మనిషి పేరున ఉంటే ఎక్కడికి పోతుంది?

వానాకాలం కొండ మీద బేరం ఉండదు. అందుకే కిందే ఉండిపోయాడు. చలి మొదలయ్యాక ఇదే రావడం.

బోర్డు మీద అతని పేరు చెరిపేసి ఉంది. పొయ్యి దగ్గర తన గైడు ఫల్గుణ, యజమానిలా కూర్చుని వెదురుబొంగులో చికెన్ కూరుతున్నాడు.

“ఏటే ఇది?” అన్నాడు పక్కనే ఉన్న రత్నతో.

“ఫల్గుణని సేసుకున్నాను, షావుకారూ,” అంది రత్న తలెత్తకుండా.

మొన్నటిదాకా బావా అన్న నోరు అది.

“మొగుడు బతికుండగానేనా?”

“వానల్లో గుడారాలు ఎగిరిపోతే ఫోనెత్తినావేటి, మొగుడా?”

రత్న మేనమామ గాసి చుట్ట వెలిగించాడు. “పిల్లనిచ్చినప్పుడు ఓలి అడిగాను. ఎద్దుల జత. ‘ఈ కాలంలో ఓలేటి మామా’ అని నవ్వేసినావు. ఓలివ్వనోడు మాకు సుట్టమే గానీ మొగుడు కాడు బాబూ. ఫల్గుణ ఎద్దుల్ని తోలుకొచ్చాడు.”

ఓలి మిగిలిందని ఆనాడు సన్యాసిరావు మురిసిపోయాడు. మిగిలినదానికి మొత్తం పోయింది.

“నమ్మి సర్వం నీ చేతిలో పెట్టాను గదే! కట్టుకున్నవాడికి ఇంత ద్రోహం చేస్తావా?”

రత్న కళ్లు నిండాయి. ఏదో అనబోయింది.

కింద హారన్ మోగింది.

కారు దిగి, ఈ ఏడే ఇంజనీరింగులో చేరిన బిందుమాధవి పైకి కేకేసింది: “నాన్నా, అమ్మ అడుగుతోంది, మన గుడారాల్లో మనకి చోటుందా లేదా?”